చేపు రావాలంటే

మదనపల్లె దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో పాలు పిండే ముందు దూడను వదిలేవాళ్లు. అది నాలుగు గుక్కలు తాగాకే ఆవు చేపేది. కొత్త మనిషి దగ్గరికొచ్చినా, కుక్క మీదికొచ్చినా, పొదుగు నిండా పాలున్నా సరే, చుక్క దిగేది కాదు. "బెదిరితే చేపదమ్మా" అనేది అమ్మమ్మ.

బెంగళూరు మారతహళ్లిలో మా పక్క ఫ్లాట్ అమ్మాయి పదిహేను రోజుల పసిబిడ్డను ఒళ్లో పెట్టుకుని ఏడుస్తుంటే నాకు ఆ మాటే గుర్తొచ్చింది. కాన్పుకు పుట్టింటికి వెళ్లడం కుదరలేదు. భర్త నాలుగో రోజే ఆఫీసుకు వెళ్లిపోయాడు. పొద్దున్నుంచి రాత్రి దాకా ఇంట్లో తనూ బిడ్డా, అంతే. "అక్కా, పిల్లల్ని పెంచడం ఆడవాళ్లకు సహజంగా వచ్చేస్తుందంటారు కదా, మరి నాకెందుకు రావట్లేదు?" అని అడిగింది.

ముందు పాల సంగతే చూద్దాం. బిడ్డ చప్పరించగానే రొమ్ము నరాల నుంచి మెదడుకు కబురు వెళ్తుంది. అక్కడి పిట్యూటరీ గ్రంథి రెండు హార్మోన్లను వదులుతుంది. ప్రొలాక్టిన్ పాలను తయారు చేయిస్తుంది, రాత్రిపూట దాని మోతాదు ఇంకా ఎక్కువ. ఆక్సిటోసిన్ పని వేరు. పాలు ఊరే చిన్న చిన్న సంచుల చుట్టూ ఉన్న కణాలు బిగుసుకునేలా చేసి, పాలను బయటికి తోయిస్తుంది. మనవాళ్లు చేపు అనేది దీన్నే. నొప్పి, భయం, టెన్షన్ ఆక్సిటోసిన్‌ను అణిచేస్తాయి. అప్పుడు పాలుంటాయి గానీ దిగవు. దిగకపోతే రొమ్ము ఖాళీ కాదు, ఖాళీ కాకపోతే తయారీ కూడా తగ్గిపోతుంది. కొందరికి వైద్య కారణాలుంటాయి, వాళ్లు డాక్టరుకు చూపించుకోవాలి. కానీ ఒంటరిగా, నిద్రలేక, బెంగతో ఉన్న తల్లిని "నీకు పాలు పడలేదు" అని తప్పుపట్టడం అన్యాయం. తల్లి శరీరం తప్ప ఇంకెవరూ చేయలేని ఈ ఒక్క పనికి కూడా చుట్టూ మనుషులు కావాలి.

మనిషి జాతి చరిత్ర కూడా అదే చెబుతుంది. చింపాంజీ తల్లి పుట్టిన పిల్లను నెలల తరబడి ఇంకెవరి చేతికీ ఇవ్వదు. ఒక పిల్లకూ తర్వాతి పిల్లకూ మధ్య ఐదారేళ్లు ఆగుతుంది. వేటాడి, దుంపలు ఏరుకుని బతికే మానవ సమూహాల్లో ఆ ఎడం మూడు నాలుగేళ్లే. అంటే పెద్దబిడ్డ తన తిండి తాను సంపాదించుకోక ముందే చిన్నబిడ్డ పుట్టేస్తుంది. మరి పెద్దబిడ్డకు తిండి పెట్టేదెవరు? టాంజానియాలోని హడ్జా తెగలో మానవ శాస్త్రవేత్త క్రిస్టెన్ హాక్స్ బృందం ఈ లెక్కే చూసింది. తల్లి చంటిబిడ్డతో ఉన్నప్పుడు, పెద్దపిల్లల బరువు పెరగడం అమ్మమ్మ, నాయనమ్మ గట్టి నేల తవ్వి దుంపలు తీయడానికి ఎంతసేపు కష్టపడిందన్న దాన్నిబట్టి ఉందని తేలింది. మానవ శిశువు పదిమంది చేతుల్లో పెరిగేలా పరిణామం చెందిందని మరో మానవ శాస్త్రవేత్త సారా హర్డీ వివరించారు. తల్లి ఒక్కతే తలుపేసుకుని బిడ్డను పెంచడమే సహజమన్న మాట, నా దృష్టిలో, ప్రకృతి నుంచి వచ్చింది కానే కాదు.

మన పురుడు ఆచారంలో ఈ పదిమంది చేతులుండేవి. ఒకరు నలుగు పెట్టి నీళ్లు పోసేవారు, ఒకరు పథ్యం వండేవారు, రాత్రిళ్లు బిడ్డను ఉయ్యాలలో వేసి ఊపడానికి ఇంకొకరుండేవారు. అవన్నీ ఆడచేతులే అన్నది నిజం. అందులో చెడ్డ అలవాట్లూ ఉన్నాయి. ముర్రుపాలు పిండి పారబోసేవాళ్లు. రోగాల నుంచి కాపాడే యాంటీబాడీలు వాటిలోనే దండిగా ఉంటాయి. పుట్టిన గంటలోపే బిడ్డకు పాలు పట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది అందుకే. నాలుకకు తేనె రాయడం ఇంకా ప్రమాదం. ఏడాదిలోపు పిల్లలకు దానివల్ల బొటులిజం అనే, కండరాలు చచ్చుబడే జబ్బు రావచ్చు. బాలింతకు మంచినీళ్లు తగ్గించడం ఇంకో దురాచారం.

మగవాళ్ల శరీరం దీనికి తయారై లేదనడమూ తప్పే. ఫిలిప్పీన్స్‌లోని సెబూలో 600 మందికి పైగా యువకులను కొన్నేళ్లపాటు గమనించి 2011లో ఫలితాలు ప్రకటించారు. తండ్రులైనవాళ్లలో మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ బాగా తగ్గింది. రోజుకు మూడు గంటలకు పైగా బిడ్డను చూసుకునేవాళ్లలో ఇంకా తక్కువగా ఉంది. అంటే తండ్రి పనికి తగ్గట్టు మగవాడి శరీరమూ సర్దుకుంటుందన్నమాట. మధ్య ఆఫ్రికాలోని ఆకా తెగ తండ్రులు రోజులో దాదాపు సగం సేపు చంటిబిడ్డకు చేయి చాపినంత దూరంలోనే ఉంటారు. మన దగ్గర చూస్తే, 2017లో సవరించిన చట్టం మొదటి ఇద్దరు పిల్లలకు తల్లికి 26 వారాల సెలవిచ్చింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులైన తండ్రులకు 15 రోజులు దొరుకుతాయి. ప్రైవేటు కంపెనీల్లో పనిచేసే తండ్రులకు చట్టం ఒక్క రోజు కూడా ఇవ్వలేదు.

ఆ అమ్మాయి భర్తతో నేనే మాట్లాడాను. వారం సెలవు పెట్టాడు. ధర్మవరం నుంచి ఆ అమ్మాయి వాళ్లమ్మ వచ్చింది. రాత్రి పాలు తాగాక బిడ్డను భుజాన వేసుకుని తిప్పే పని అతనిది, పగలు నీళ్లు పోసే పని ఆమెది. ఐదారు రోజుల తర్వాత నేను వెళ్లేసరికి ఆ అమ్మాయి అన్నం తింటోంది. లోపలి గదిలో బిడ్డ ఏడ్చింది, తండ్రి ఎత్తుకున్నట్టున్నాడు. ఆ ఏడుపు వినగానే ఆమె జాకెట్టు తడిసిపోయింది. కంగారుగా చూసుకుంటుంటే వాళ్లమ్మ నవ్వి, "ఏం లేదులే, చేపొచ్చింది, తిని వెళ్లు" అంది.