వలస కుటుంబాల నోటి ఆరోగ్యం: మా కాలేజీల్లో వినిపించే అపోహలు, వాస్తవాలు

డెంటల్ కాలేజీలో పాఠాలు చెబుతూ, విద్యార్థులతో కలిసి వలస కుటుంబాలకు వైద్యం చేస్తుంటాను. కింది మాటల్లో ఎక్కువ భాగం విన్నది రోగుల దగ్గర కాదు, తోటి డాక్టర్ల దగ్గరే.

అపోహ: వలస వచ్చినవాళ్లకు పళ్ల మీద శ్రద్ధ ఉండదు.

వాస్తవం: వాళ్ల పనివేళలు, క్లినిక్ వేళలు ఒకటే. సెలవు పెడితే ఆ రోజు కూలి పోతుంది. భాష రాదు, కాగితాలు సరిగా లేవు అంటే ఆస్పత్రి గడప తొక్కడానికే భయం. అందుకే నొప్పి మాత్రలతో నెట్టుకొచ్చి, దవడ వాచాక వస్తారు. అప్పటికి చాలాసార్లు పన్ను పీకడమే మిగులుతుంది.

అపోహ: ఊడిపోయే పాలపళ్లకు వైద్యం దండగ.

వాస్తవం: పుప్పి పన్ను పిల్లల తిండినీ నిద్రనీ చదువునీ చెడగొడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం సుమారు 51 కోట్ల మంది పిల్లలకు పాలపళ్లు పుచ్చి ఉన్నాయి.

అపోహ: డెంటల్ కుర్చీ, డ్రిల్లు లేనిచోట ఏమీ చేయలేం.

వాస్తవం: 38 శాతం సిల్వర్ డయామిన్ ఫ్లోరైడ్ అనే ద్రవ మందు రాస్తే పుప్పి చాలావరకు ముదరకుండా ఆగుతుంది. చేతి పరికరాలతో పుచ్చిన భాగం తీసి గ్లాస్ అయోనోమర్ అనే సిమెంటు నింపొచ్చు. ఈ రెండింటినీ 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. అయితే మొదటిది రాసినచోట పుప్పి నల్లబడుతుంది. ఆ సంగతి తల్లిదండ్రులకు వాళ్ల భాషలో చెప్పి, సరే అన్నాకే రాయాలి. దయచేసి పక్కనున్న పిల్లల చేత అనువాదం చేయించకండి. అమ్మానాన్నల జబ్బు వివరించే భారం వాళ్ల మీద పెట్టకూడదు. ఆ భాష వచ్చిన విద్యార్థులు క్యాంపస్‌లోనే దొరకొచ్చు, ముందు వాళ్లకు శిక్షణ ఇవ్వండి.

అపోహ: ఏడాదికో క్యాంపు పెడితే యూనివర్సిటీ బాధ్యత తీరినట్టే.

వాస్తవం: పుప్పి పళ్లు లెక్కపెట్టి, బ్రష్షూ పేస్టూ పంచి, ఫొటో దిగి వచ్చేస్తే నొప్పితో ఉన్న మనిషి అక్కడే ఉంటాడు. సాయంత్రం, ఆదివారం తెరిచి ఉండే క్లినిక్ కావాలి. కుటుంబం ఊరు మారినా వెంట తీసుకెళ్లేలా చికిత్స వివరాలున్న కార్డు వాళ్ల చేతికివ్వాలి. ఇంకోటి, నాకు చాలా కోపం తెప్పించేది: పరీక్షకు చూపాల్సిన కేసుల కోటా కోసం విద్యార్థులు రూట్ కెనాల్ మొదలుపెట్టడం, ఆ విభాగంలో వాళ్ల పోస్టింగ్ (శిక్షణ కాలం) అయిపోగానే తాత్కాలిక సిమెంటుతో వదిలేయడం. అది ఊడితే ఇన్ఫెక్షన్ మళ్లీ లోపలికి వెళుతుంది. మొదలుపెట్టే ముందే "ఇక్కడ ఎన్నాళ్లుంటారు?" అని అడగాలి. పోస్టింగ్ మారే రోజున ఆ కేసు ఎవరు పూర్తి చేస్తారో రాసి, డిపార్ట్‌మెంట్ సంతకం పెట్టాలి.