ఐపీ నుంచి ఐబీసీ దాకా: ‘అప్పు తీర్చలేని స్థితి’ని చట్టం ఎలా కొలుస్తూ వచ్చింది

ఓ కంపెనీ కోటి రూపాయల బాకీ గడువుకు కట్టకపోతే చాలు, బ్యాంకు ఐబీసీ అనే 2016 దివాలా చట్టం కింద, ఈ కేసులు వినే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీకి దరఖాస్తుతో వెళ్లొచ్చు. కంపెనీకి ఎన్ని ఆస్తులున్నాయన్నది అక్కడ మొదటి ప్రశ్న కాదు. చిన్న వ్యాపారి ఐపీ (దివాలా పిటిషన్) పెట్టాలంటే మాత్రం ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే దిక్కు. అందులో రాసిన కనీస అప్పు 500 రూపాయలు. ఈ రెండు కొలతలకు మధ్య నూరేళ్ల దూరం ఉంది.

మొదట్లో చట్టం చూసింది జైల్లో పడ్డ బాకీదారులను. కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాలకు 1828లో, తర్వాత 1848లో వచ్చిన చట్టాలు, ఆస్తి అప్పగించిన బాకీదారు బయటపడే దారి చూపాయి. ఆ నగరాలకు 1909లో ప్రెసిడెన్సీ టౌన్స్ చట్టం వచ్చింది. మిగతా ప్రాంతాలకు 1907లో చేసిన చట్టం స్థానంలో 1920 చట్టం వచ్చింది.

అప్పులిచ్చినవాళ్లు పిటిషన్ వేస్తే 1920 చట్టం బాకీదారు జేబును కాదు, నడతను చూస్తుంది. ఆరో సెక్షన్‌లో ఆ పనుల జాబితా ఉంది: బాకీలు ఎగ్గొట్టే ఉద్దేశంతో ఆస్తి బదలాయించడం, ఇల్లు వదిలిపోవడం లేదా మొహం చాటేయడం, చెల్లింపులు ఆపేశానని అప్పులవాళ్లకు తెలియజేయడం, డబ్బు డిక్రీ (సొమ్ము కట్టాలన్న కోర్టు ఆదేశం) కింద ఆస్తి వేలం కావడం వంటివి. వీటిలో ఒకటి జరిగిన మూడు నెలల్లోపే పిటిషన్ పడాలి. గడువు దాటితే ఆ ఆధారం పనికిరాదు.

బాకీదారే పిటిషన్ వేస్తే, బాకీలు తీర్చలేనని ప్రాథమికంగా చూపిస్తే సరిపోతుంది. అయితే పిటిషన్‌లో ప్రతి అప్పు, అప్పు ఇచ్చినవారి పేరు, చిరునామా, ఉన్న ఆస్తి అంతా, దాని విలువ రాయాలి. ఆ ఆస్తిని కోర్టుకు అప్పగించడానికి సిద్ధమని ఒప్పుకోవాలి. చాలా పిటిషన్లు దెబ్బతినేది ఇక్కడే. ఐపీ పెట్టేముందు పొలం బంధువుల పేరిట రాస్తే, రెండేళ్లలోపు బదిలీలను యాభైమూడో సెక్షన్ కింద రద్దు చేయించవచ్చు. ఒక్క అప్పులవాడికి మేలు చేద్దామని మూడు నెలల్లోపు చేసిన చెల్లింపుకూ యాభైనాలుగో సెక్షన్ అడ్డుపడుతుంది. తాకట్టు ఉన్న బ్యాంకు ఐపీతో నిమిత్తం లేకుండా తన తాకట్టు మీదికి వెళ్లగలదు.

దివాలాదారుగా కోర్టు ప్రకటించడంతో పని అయిపోయిందనుకోవడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. ఆ ఉత్తర్వులోనే డిశ్చార్జికి, అంటే అప్పుల నుంచి విముక్తికి, దరఖాస్తు చేయడానికి గడువు ఉంటుంది. దాన్ని వదిలేస్తే ప్రకటనే రద్దవుతుంది, అప్పులు మళ్లీ మెడకు చుట్టుకుంటాయి. డిశ్చార్జి వచ్చినా ప్రభుత్వ బాకీలు, మోసంతో చేసిన అప్పులు పోవు.

డిక్రీ వచ్చాక దాని అమలు కోసం ఈపీ (ఎగ్జిక్యూషన్ పిటిషన్) వేసి బాకీదారును జైలుకు పంపే దారి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో వేరేగా ఉంది. కట్టగలిగి కట్టనివాడికీ, కట్టలేనివాడికీ తేడా చూడాలని 1936 సవరణ చెప్పింది. 1980లో జాలీ జార్జి వర్గీస్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ దానికి రాజ్యాంగ బలం ఇచ్చారు: కేవలం పేదరికం వల్ల బాకీ కట్టలేని మనిషిని జైల్లో పెట్టడం జీవించే హక్కు, వ్యక్తి స్వేచ్ఛలను కాపాడే 21వ అధికరణానికి విరుద్ధం, దురుద్దేశం కనిపించాలి. ఈ మొత్తం చరిత్రలో మనిషి వైపు నిలబడ్డ తీర్పు ఏదంటే మొదట చెప్పుకోవాల్సింది ఇదే.

కంపెనీల దారి వేరు. 1956 కంపెనీల చట్టం 434వ సెక్షన్ ప్రకారం, 500 రూపాయలు దాటిన బాకీకి నోటీసు అందిన మూడు వారాల్లో కంపెనీ బాకీ కట్టకపోతే లేదా సర్దుబాటు చేసుకోకపోతే దాన్ని అప్పులు తీర్చలేనిదిగా లెక్కించేవారు. అయితే బాకీ మీద నిజమైన వివాదం ఉంటే కంపెనీని మూసేయకూడదని 1971లో మధుసూదన్ గోర్ధన్‌దాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నోటీసును వసూలు ఆయుధంగా వాడేవారికి ఈ నియమం కళ్లెం వేసింది.

1985లో సిక్ ఇండస్ట్రియల్ కంపెనీల చట్టం లెక్క మార్చి బ్యాలెన్స్ షీటు వైపు చూసింది. పేరుకున్న నష్టాలు నికర విలువను మింగేస్తేనే పరిశ్రమ ఖాయిలా పడ్డట్టు. అంతవరకూ ఆగితే ఆ పరిశ్రమలో కాపాడుకోవడానికి మిగిలేది చాలా తక్కువ. పైగా 22వ సెక్షన్ కింద వసూళ్లన్నీ ఆగిపోవడంతో, బాకీ కట్టకుండా కాలం గడపాలనుకునే యాజమాన్యాలకు ఆ చట్టం కింద ఖాయిలా పరిశ్రమల కేసులు చూసే బోర్డు, బీఐఎఫ్ఆర్, నీడ అయింది.

ఆ అనుభవం తర్వాత వచ్చిందే 2016 ఐబీసీ. గడువు తీరిన బాకీ, అందులో ఒక వాయిదా అయినా సరే, కట్టకపోవడమే ‘డిఫాల్ట్’. లక్ష రూపాయలుగా ఉన్న పరిమితిని 2020 మార్చి 24న కోటికి పెంచారు. సరుకు లేదా సేవ అందించి డబ్బు రావాల్సి ఉన్నవారు ముందు డిమాండ్ నోటీసు ఇచ్చి పది రోజులు ఆగాలి. నోటీసుకు ముందే వివాదం ఉంటే దరఖాస్తు నిలవదు. బ్యాంకులకు ఆ మెట్టు లేదు. తీర్చలేని స్థితి నుంచి డిఫాల్ట్‌కు చట్టం మారిందని 2019లో స్విస్ రిబ్బన్స్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2022లో విదర్భ ఇండస్ట్రీస్ కేసులో మాత్రం, డిఫాల్ట్ ఉన్నా తగిన కారణాలుంటే ట్రిబ్యునల్ దరఖాస్తును పక్కన పెట్టవచ్చని సుప్రీంకోర్టు అంది. ఆ కంపెనీ తనకు బాకీని మించిన సొమ్ము రావాల్సి ఉందని చూపింది. మరుసటి ఏడాదే కెనరా బ్యాంకు కేసులో ఆ తీర్పు దాని వాస్తవాలకే పరిమితమని కోర్టు తేల్చింది.

వ్యక్తుల కోసం ఐబీసీలో మూడో భాగం రాశారు. 2019 డిసెంబరు 1 నుంచి అది కంపెనీ రుణాలకు హామీ ఇచ్చినవారికే అమల్లోకి వచ్చింది. మామూలు మనిషికి కొత్త జీవితం ఇస్తామన్న ‘ఫ్రెష్ స్టార్ట్’ కాగితం మీదే ఉంది. దానికి పెట్టిన హద్దులు ఏడాది ఆదాయం 60,000, ఆస్తి 20,000, అప్పు 35,000 రూపాయలు, సొంత ఇల్లు ఉండకూడదు. ఈ అంకెలతో రేపు అమల్లోకి తెచ్చినా అప్పుల పాలైన చిన్న దుకాణదారుకు అది అందదు. ముందు ఆ హద్దులు పెంచాలి, ఆ తర్వాతే 1920 చట్టాన్ని తీసేయాలి.