అడుగున ఏముందని అడిగారు కదా

చిరంజీవులకు,

మొన్న గట్టు మీంచి ఇంటికొస్తూ మీరిద్దరూ దారంతా మూతి ముడుచుకునే ఉన్నారు. మూడు గంటలు కూర్చుంటే పడిన ఒకే ఒక్క చేపని కొలిచి నీళ్లలోకి వదిలేశానని కోపం. "అంత పెద్ద సముద్రంలో ఒక్క చేప తగ్గితే ఏమవుతుంది తాతయ్యా?" అంది చిన్నది. నిజమే, ఏమీ కాదు. కానీ ఆ ప్రశ్నకి నడుస్తూ చెప్పేంత పొట్టి జవాబు నా దగ్గర లేదు, అందుకే ఈ ఉత్తరం. పెద్దవాడు చదివి చిన్నదానికి వినిపించాలి.

నేను గాలం వేసేది బతుకుతెరువుకి కాదు, సరదాకి. ఏళ్ల తరబడి అదే గట్టు, అదే రాయి. పడినవి పడినట్టు పుస్తకంలో రాసుకుంటాను: తేదీ, ఎర, చేప పొడవు. చేపల హాజరుపట్టీ అని మీ నాయనమ్మ వెక్కిరించేది. ఇప్పుడు ఆ పుస్తకాలు తిరగేస్తే ముందు పొడవు తగ్గింది. కొన్నేళ్లకి లెక్క తగ్గింది. ఆ తర్వాత తేదీల పక్కన అన్నీ సున్నాలే. గాలం వేసేవాడు కూర్చున్న చోటు నుంచి కదలడు, చేపే వాడి దగ్గరికి రావాలి. అది రావడం మానేస్తే అందరికంటే ముందు తెలిసేది వాడికే.

వల ఈడ్చుకుంటూ పోయే పెద్ద ఓడకి, అంటే ట్రాలర్‌కి, అలా తెలియదు. అది నీళ్లలోకి శబ్దం పంపి, తిరిగొచ్చిన చప్పుడును బట్టి మంద ఎక్కడుందో కనిపెట్టి అక్కడికే పోతుంది. కాడ్ లాంటి చేపలు తక్కువైనకొద్దీ మిగిలినవి ఒకచోటికి చేరతాయి, కాబట్టి వల ఎప్పటిలాగే నిండుతుంది. కుండలో నీళ్లు అడుగంటేదాకా గరిటె నిండుగానే పైకొస్తుంది చూడండి, అలాగన్నమాట.

కెనడా తూర్పు తీరంలో, న్యూఫౌండ్‌లాండ్ దగ్గర, సరిగ్గా ఇదే జరిగింది. అక్కడి కాడ్‌ని 1968 ఒక్క ఏడాదిలోనే 8 లక్షల టన్నులు పట్టారు. 1980లలో ఒడ్డుకు దగ్గర్లో చిన్న పడవల మీద వేటాడేవాళ్లు చేప చిన్నదైపోతోందనీ, తమ దాకా రావడం లేదనీ మొత్తుకున్నారు. పెద్ద ఓడల వలలు నిండుతుంటే వాళ్ల మాట ఎవరికి ఎక్కుతుంది? 1992 జూలైలో వేట ఆపేయక తప్పలేదు. రెండేళ్లకే అన్నారు. సుమారు 30,000 మందికి పని పోయింది. ఆ నిషేధం ఎత్తేసింది 2024లో. అప్పుడు కూడా ఏడాదికి 18,000 టన్నులే అనుమతించారు.

1883లో లండన్‌లో జరిగిన ఒక పెద్ద చేపల ప్రదర్శనలో థామస్ హక్స్‌లీ అనే శాస్త్రవేత్త కాడ్ లాంటి చేపల్ని మనిషి ఎంత పట్టినా తరగవని చెప్పాడు. ఆయనేం తెలివితక్కువవాడు కాదు. ఆనాటి పడవల్ని చూసి చెప్పిన మాట అది.

ఇక సముద్రం అడుగు సంగతి. చిన్నదాని అసలు ప్రశ్న అదే కదా, "కింద ఏముంటుంది, ఉత్త ఇసుకేనా?" అని.

కొన్నిచోట్ల ఇసుకే. అలలు, తుపాన్లు తరచూ కలబెట్టే లోతులేని ఇసుకనేల మీద వల ఈడ్చినా కొంతకాలానికి సర్దుకుంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ చాలాచోట్ల అడుగు అంటే ఊరు. రాళ్ల మీద స్పాంజీలు, మెత్తటి పగడాలు, గుల్లల గుట్టలు, వాటి సందుల్లో వేలెడంత చేపపిల్లలు. మేర్ల్ అని ఒక నాచు ఉంది. గులాబీ రంగులో, రాయిలా గట్టిగా, కొమ్మలు కొమ్మలుగా పెరుగుతుంది. ఏడాదికి పెరిగేది ఒక మిల్లీమీటరుకి అటూ ఇటూగా. అంటే మీ చిటికెన వేలంత కొమ్మ వయసు నా వయసంత. అలాంటి కొమ్మలు గుట్టపడ్డ చోట పిల్లచేపలు దాక్కుని పెరుగుతాయి.

అడుగు వల ఎలా ఉంటుందంటే, మూతి తెరుచుకుని ఉండడానికి అటొకటి ఇటొకటి బరువైన ఇనప పలకలు. అవి నేల మీద గీసుకుంటూ పోతాయి. వల మూతికి కింద చక్రాలో, గొలుసులో. వెనక సంచి. నేలకి అంటుకుని ఉండే చేపని అదిలించి సంచిలోకి తోలడమే గొలుసుల పని. చేపతో పాటు అక్కడున్నదంతా లేస్తుంది. స్కాలప్ గుల్లల కోసం లాగే డ్రెడ్జ్ ఇంకా మోటుది, దానికి ఇనప పళ్లుంటాయి. ఒక్క ఈడుపులో విరిగిన మేర్ల్ మళ్లీ పెరిగేసరికి మీ మనవలకి మనవలు పుడతారు. పైనుంచి చూస్తే మాత్రం సముద్రం ఎప్పటిలాగే నీలంగా ఉంటుంది. అడవి నరికితే మోడులైనా కనిపిస్తాయి.

ఈ ఫిర్యాదు కొత్తదేం కాదు. ఇంజిన్లు పుట్టక ముందే, 1376లో, ఇంగ్లండ్ చేపలవాళ్లు రాజుకి అర్జీ పెట్టుకున్నారు. బరువుగా నేలకి రాసుకుంటూ పోయే కొత్తరకం వల వచ్చిందనీ, చేపలకి మేతగా ఉండే మొక్కల్ని అది పాడుచేస్తోందనీ, సన్నకళ్ల వల కావడంతో పిల్లచేపలు కుప్పలుగా చస్తున్నాయనీ.

ఇప్పుడు స్కాట్లాండ్‌లోని ఆరన్ దీవి గురించి చెప్పాలి. దాని చుట్టూ తీరం నుంచి మూడు మైళ్ల లోపల ట్రాలింగ్ చేయకూడదన్న పాత నియమాన్ని 1984లో తీసేశారు. ఆ దీవిలో ఏటా గాలంవాళ్ల పండగ జరిగేది. 1990లలో పట్టడానికి చేపల్లేక అదీ ఆగిపోయింది. నా పుస్తకంలో సున్నాలున్నట్టే అక్కడ పండగే సున్నా అయింది. దీవి వాళ్లు ఊరుకోలేదు. 1995లో సంఘం పెట్టుకుని ఏళ్ల తరబడి వెంటపడితే, 2008లో లామ్లాష్ బే అనే చిన్న అఖాతంలో కొంత మేర అన్ని రకాల వేటా నిషేధించారు. ఉన్నది మూడు చదరపు కిలోమీటర్లైనా లేదు. అయినా స్కాలప్ గుల్లలు, లాబ్‌స్టర్లు పెరిగాయి, నేల మీద స్పాంజీలూ నాచులూ మళ్లీ లేచాయి. అన్ని రకాల వేటా అన్నాను, గమనించారా? గాలం కూడా అక్కడ వేయకూడదు.

అది నాలాంటివాళ్లకి కాస్త చేదుమాత్రే. తప్పంతా ట్రాలర్‌దే అనడం మాకు సుఖంగా ఉంటుంది. యూరప్‌లో సీ బాస్ అనే చేప బాగా తగ్గిపోతే 2015లో కనీస కొలతని 36 సెంటీమీటర్ల నుంచి 42కి పెంచారు. ఎందుకంటే ఆడ బాస్ మొదటిసారి గుడ్లు పెట్టేది సుమారుగా ఆ పొడవొచ్చాకే. 2018లో కొన్ని నెలలపాటు గాలంవాళ్లు ఒక్క బాస్‌నీ ఇంటికి తీసుకెళ్లకూడదన్నారు. అదే సమయంలో, అనుకోకుండా వలలో పడ్డాయన్న లెక్కన, వలలవాళ్లు కొంత ఉంచుకోవచ్చన్నారు. గాలంవాళ్లకి ఒళ్లు మండింది. మండడం న్యాయమే. కానీ బాస్ తగ్గడంలో గాలాల వాటా కూడా చిన్నదేం కాదని లెక్కలు చెప్పాయి. ఒక్కొక్కరం ఒక్కొక్కటే, కానీ మేం లక్షల మందిమి.

మరి నా సంగతి? పెళ్లికాకముందు ఒకసారి నా మోకాలి పైకి వచ్చేంత చేపని పట్టి, ఫొటో తీయించుకుని, ఊరంతా చూపించుకున్నాను. కోస్తే పొట్ట నిండా గుడ్లు. అప్పుడు నాకేం అనిపించలేదు, ఎక్కువ గుడ్లు దొరికాయని సంబరపడ్డాను కూడా. 30 కిలోల ఆడ కాడ్ ఒక్కటి, 2 కిలోల కాడ్‌లు 28 కలిసి పెట్టేదానికంటే ఎక్కువ గుడ్లు పెడుతుందని చాలా ఏళ్ల తర్వాత చదివాను. ఆ ఫొటో ఇప్పటికీ నా దగ్గరుంది, మీకు ఎప్పుడూ చూపించలేదు.

అందుకే మరీ చిన్నదాన్నీ వదులుతాను, మరీ పెద్దదాన్నీ వదులుతాను. మొన్నటిది చిన్నది.

ఈ కవరులో కొలత టేపు ముక్క ఒకటి పెట్టాను. నా టేపు మీద ఎర్ర గీతలున్నాయి, మీరు చూశారు. దీని మీద ఏమీ గీయలేదు. ఒక్కో చేప ఎంత పొడవొచ్చాక గుడ్లు పెడుతుందో మీరే కనుక్కుని గీసుకోండి. గీయడానికి స్కెచ్ పెన్ను వాడకండి, తడికి పోతుంది.

ఆశీస్సులతో,
తాతయ్య