కవి పని, కవుల కూడలి: నేను తరచూ వినే కొన్ని అపోహలు - వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో లారీ విడిభాగాలు అమ్మే దుకాణంలో ఇరవై రెండేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. కవిత్వం అంతకు రెండేళ్ల ముందు నుంచే రాస్తున్నాను. నెలకొకసారి ఆదివారం సాయంత్రం బస్సెక్కి గుంటూరు వెళ్లి, బ్రాడీపేటలో ఒక మిత్రుని డాబా మీద పదిమందిమి కూర్చుని, ఒకరి కవితలు ఒకరం విని దిద్దుకుంటాం. కవిత్వం రాయాలని ఉన్న పిల్లలు, రాస్తూ ఎవరికీ చూపని ఉద్యోగులు, పదవీ విరమణ తరువాత కలం పట్టినవారు నన్ను అడిగే ప్రశ్నల్లో కొన్ని అపోహలు పదేపదే కనిపిస్తాయి. వాటి వల్ల మంచి గొంతులు మొదటి ఏడాదిలోనే మూగబోవడం చూశాను కనుక, నాకు అనుభవంలో తెలిసినంత మేరకు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: కవిత్వం గుండెలోంచి దానంతట అదే పొంగుకొస్తుంది, దిద్దితే చెడిపోతుంది.

మొదటి వాక్యం అలా రావచ్చు. ఆ తరువాతదంతా పనే. ఇది అన్నిటికంటే పెద్ద అపోహ కనుక ఒక కవిత ఎలా మారిందో వివరంగా చెబుతాను.

గుంటూరు శీతల గిడ్డంగుల దగ్గర మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ల మీద కొన్నేళ్ల క్రితం ఒక కవిత రాశాను. దాని మొదటి రూపంలో 'ఎర్రని కన్నీటి సముద్రంలో మునిగిన శ్రమమూర్తులు' అన్న వాక్యం ఉండేది. చదివినప్పుడు ఇద్దరు ముగ్గురు బాగుందన్నారు. మిర్చి యార్డులో పాతికేళ్లు హమాలీగా పనిచేసి, ఇప్పుడు గేయాలు రాస్తున్న ఒక పెద్దాయన మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "నాయనా, ఆ ఘాటుకు అలవాటు పడ్డ మనిషికి కన్నీళ్లు రావు. ముందు తుమ్ములొస్తాయి, తరువాత వేళ్లు మండుతాయి. మా ఇంటావిడ పదేళ్లు తొడిమలు తీసింది. సాయంత్రం ఇంటికొస్తే పసివాణ్ణి చేత్తో తాకేది కాదు" అన్నారు. ఆ కవితలో నేను రాసినదంతా దూరం నుంచి చూసి ఊహించినదేనని ఆ క్షణంలో అర్థమైంది. మరుసటి వారం సెలవు పెట్టి వెళ్లి, ఒక గిడ్డంగి బయట పొద్దుగూకే దాకా కూర్చున్నాను. తాలు కాయ ఏదో, మంచి కాయ ఏదో చూడకుండానే వేలికొసలు ఎలా గుర్తుపడతాయో చూశాను. ఏడు నెలల తరువాత, తొమ్మిదో ప్రతిలో, ఆ వాక్యం ఉన్నచోట ఈ మూడు పాదాలు నిలిచాయి:

తొడిమ తీసిన చేతులతో
బిడ్డ మొహం తుడవదు ఆమె
మోచేత్తో దగ్గరికి లాక్కుంటుంది

ఇందులో 'కన్నీరు' లేదు, 'శ్రమ' లేదు, 'సముద్రం' లేదు. పెద్దాయన విని తల ఊపారు, అంతే. దిద్దడమంటే అలంకారాలు మార్చడం కాదనీ, చూడనిదాన్ని తీసేసి చూసినదాన్ని పెట్టడమనీ ఆ కవిత దగ్గరే నేర్చుకున్నాను. ఆ ఏడు నెలల్లో నా గుండెలోంచి వచ్చినదేదీ చెడిపోలేదు. పైపైన పేరుకున్న అరువు మాటలు మాత్రమే రాలిపోయాయి.

అపోహ: పద్యానికి కాలం చెల్లింది, వచన కవితకు నియమాలే లేవు కనుక ఎవరైనా రాయవచ్చు.

ఈ రెండు మాటలూ తరచూ ఒకే నోటి నుంచి వస్తాయి, రెండూ సరికావు. ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలు ఉంటాయి. పదో అక్షరం దగ్గర యతి, అంటే పాదం మొదటి అక్షరంతో ధ్వని మైత్రి, కుదరాలి. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకే హల్లుతో ప్రాస పాటించాలి. ఈ కొలతలన్నీ చెవి కోసం ఏర్పడినవి. అష్టావధానంలో సమస్య ఇచ్చినప్పుడు, అవధాని పూరించే పాదం యతి స్థానానికి చేరేసరికి సభలో కూర్చున్నవారు ముందుకు వంగడం ఈనాటికీ చూడవచ్చు. వారిలో అందరికీ ఛందస్సు తెలియదు, అయినా ఎక్కడ ఆగాలో చెవికి తెలుస్తుంది.

వచన కవితలో ఆ పని పాదం విరుపు చేస్తుంది. పైన ఇచ్చిన పాదాల్లో 'తుడవదు ఆమె' దగ్గర పాదం విరిగింది కనుకనే పాఠకుడు ఒక క్షణం ఆ తల్లి ఎందుకు తుడవదో ఆలోచిస్తాడు. మూడింటినీ కలిపి ఒకే వాక్యంగా రాస్తే సమాచారం మిగులుతుంది, ఆ క్షణం మిగలదు. గుంటూరు జిల్లాలో పుట్టిన కుందుర్తి ఆంజనేయులు గారు ఫ్రీవర్స్ ఫ్రంట్‌ను స్థాపించి వచన కవితా ప్రచారానికి తన జీవితంలో అంత భాగం కేటాయించారంటే, అది నియమాలు లేని తేలిక వ్యవహారం కనుక కాదు. నా సలహా అడిగేవారికి ఒకటే చెబుతాను: వచన కవితే రాయదలచినా ఒక ఏడాది ఆటవెలదులూ తేటగీతులూ పైకి చదవండి. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అవి నేర్పుతాయి.

అపోహ: అసలైన కవి ఉద్యోగం చేయడు, ఉద్యోగం చేసేవాడికి కవిత్వం కాలక్షేపం.

మన ప్రాంతపు కవుల జీవితాలు చూస్తే ఈ మాట ఎవరూ అనరు. 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువ గారు యువకుడిగా రాజమండ్రిలో మూకీ చిత్రాలకు కథ చదివి వినిపించారు, గుంటూరులో బడిపంతులుగా, తెలుగు పండితుడిగా పనిచేశారు, తరువాత మద్రాసు ఆకాశవాణిలో ఉద్యోగం చేశారు. 1970 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం పొందిన విశ్వనాథ సత్యనారాయణ గారు విజయవాడ కళాశాలలో పాఠాలు చెప్పారు. కరుణశ్రీ గారు గుంటూరు ఏసీ కళాశాలలో అధ్యాపకులు. వీరి కవిత్వాన్ని కాలక్షేపమని ఎవరంటారు?

నా మట్టుకు నేను తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి ఆరున్నర దాకా రాస్తాను. పగలు దుకాణంలో తట్టిన మాటలు రద్దయిన బిల్లుల వెనక రాసి చొక్కా జేబులో పెట్టుకుంటాను. రాబడి విషయం దాచవలసిన అవసరం లేదు: కవితకు పారితోషికం ఇచ్చే పత్రికలు కొన్నే, చాలా చిన్న పత్రికలు నిర్వాహకుల చేతి డబ్బుతోనే నడుస్తాయి కనుక ఏమీ ఇవ్వలేవు. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రంలో చదివినందుకు నాకు మొదటిసారి చెక్కు అందిన రోజు ఇంటిల్లిపాదీ దాన్ని చేతుల్లోకి తీసుకుని చూశారు. కవిత్వంతో ఇల్లు గడవదు. గడవనవసరం లేదని కూడా నా అభిప్రాయం. జీతం వేరేచోట నుంచి వస్తున్నందువల్లే ఎవరికి నచ్చాలో అని ఆలోచించకుండా రాయగలుగుతున్నాను.

అపోహ: సాహిత్య సభలంటే శాలువాలు, పరస్పర పొగడ్తలు.

పుస్తకావిష్కరణ ఇంట్లో శుభకార్యం వంటిది. ఏళ్ల తరబడి ఒంటరిగా చేసిన పని పదిమంది చేతుల్లోకి వెళ్లే రోజున నాలుగు మంచి మాటలు చెప్పడంలో తప్పు లేదు. అక్కడ విమర్శ వెతకడమే పొరపాటు. అయితే వేదిక మీది అతిథులు గంటల తరబడి మాట్లాడి, కవుల వంతు వచ్చేసరికి కుర్చీలు ఖాళీ కావడం నిజంగా బాధ కలిగించే విషయం. ఒక కవి సమ్మేళనంలో నన్ను ఐదు గంటలకు రమ్మని రాత్రి తొమ్మిదిన్నరకు పిలిచారు. చివరి బస్సు తప్పుతుందని నా తరువాతి ముగ్గురు చదవకుండానే వెళ్లిపోయారు. వారిలో ఒకరు అంతకు ముందెప్పుడూ వేదిక ఎక్కనివారు, మళ్లీ రాలేదు. నిర్వాహకులు ముందు కవులను చదివించి తరువాత ప్రసంగాలు పెట్టుకుంటే ఈ నష్టం జరగదు.

కవుల కూడలి అంటే సభ ఒక్కటే కాదు. అభ్యుదయ రచయితల సంఘం 1943లో తెనాలిలో పుట్టిన నాటి నుంచి ఈ ప్రాంతంలో కవులు వాదులాడుకోవడానికి కూడా కలుస్తూనే ఉన్నారు. నేను చూసినంతలో ఈ కూడలి అసలు విలువ సభలు ముగిశాక తెలుస్తుంది. మా బృందంలో ఒక మిత్రుడు పుస్తకం వేయకుండానే కన్నుమూశారు. కవితలన్నీ ఐదు పాత డైరీల్లో ఉన్నాయి. సగం పెన్సిలుతో రాసినవి, కొన్నిచోట్ల ఒక్కో పదానికి బదులుగా మూడేసి పదాలు. నలుగురం కలిసి ఆదివారాలు కూర్చుని ఏడాది పాటు టైపు చేశాం. ఒక పదం దగ్గర ఆయన 'వాకిలి' రాశారా 'లోగిలి' రాశారా అని తేలక, పైకి చదివి, ఆయన గొంతులో ఏది పలుకుతుందో గుర్తుచేసుకుని 'లోగిలి' ఉంచాం. పుస్తకం చేతికిచ్చినప్పుడు ఆయన భార్య ఆ పేజీయే తెరిచి చదివారు.

అపోహ: కవితలు బాగుంటే ప్రచురణ సంస్థే పుస్తకం వేస్తుంది, అమ్మకాలు వాటంతట అవే జరుగుతాయి.

తెలుగులో కవితా సంపుటాల్లో ఎక్కువ భాగం కవి సొంత ఖర్చుతోనో మిత్రుల సాయంతోనో వస్తాయి. కనుక ప్రెస్సు పని కొంత తెలిసి ఉండాలి. 1/8 డెమ్మీ అనే పుస్తకం సైజులో ఒక ఫారానికి, అంటే రెండువైపులా ముద్రించి మడిచే ఒక కాగితానికి, 16 పేజీలు వస్తాయి. 96 పేజీలంటే సరిగ్గా 6 ఫారాలు. 98 అయితే మరో ఫారం మొదలవుతుంది. బలహీనమైన రెండు కవితలు తీసేయడానికి ఇంతకంటే మంచి కారణం దొరకదు.

ప్రూఫులు ఎవరికీ అప్పగించవద్దు. మనం ఫోనులో రాసేది యూనికోడ్, చాలా ప్రెస్సుల్లో పేజీలు కట్టేది యూనికోడ్ కాని 'అను' అనే తెలుగు ఫాంట్లలో. ఒకదాని నుంచి మరొకదానికి మార్చేటప్పుడు కొన్ని వత్తులు జారిపోతాయి, పొల్లు అక్షరాలు పక్కవాటితో అతుక్కుపోతాయి. నా మొదటి సంపుటిలో అంతకంటే పెద్ద పొరపాటు జరిగింది: పేజీ వెడల్పు చాలక పొడవైన పాదాల చివరి మాటలు కింది వరుసలోకి దిగాయి, పాఠకులు వాటిని నేను కావాలని విరిచిన పాదాలుగా చదివారు. అటువంటి పాదాన్ని కొంచెం లోపలికి జరిపి పేర్చితే అది పాత పాదపు కొనసాగింపేనని తెలుస్తుంది. ఈ సంగతి పేజీలు కట్టే వ్యక్తి పక్కన కూర్చుని చెప్పాలి.

పుస్తకానికి గుర్తింపు సంఖ్య అయిన ఐఎస్‌బీఎన్ కోసం ఎవరికీ డబ్బు ఇవ్వనక్కరలేదు. రాజా రామమోహన్ రాయ్ జాతీయ సంస్థ దాన్ని ఉచితంగా ఇస్తుంది. అమ్మకాల విషయంలో విజయవాడ ఏలూరు రోడ్డులోని పుస్తక దుకాణాల కంటే, జనవరిలో జరిగే విజయవాడ పుస్తక మహోత్సవంలో నిలబడి స్వయంగా పాఠకుడికి ఒక కవిత చదివి వినిపించడం నాకు ఎక్కువ ఫలితమిచ్చింది. ఆలస్యమైందని కుంగిపోవలసిన పని కూడా లేదు: శ్రీశ్రీ గారు 1934లో రాసిన 'మహాప్రస్థానం' గేయం పుస్తకంగా పాఠకులకు అందింది 1950లో.

అపోహ: రిజిస్టరు చేయకపోతే కవిత మీద హక్కు ఉండదు, పత్రికలో వస్తే హక్కు పత్రికదే.

రాసిన క్షణం నుంచి హక్కు కవిదే, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అది కవి జీవితకాలమూ, ఆ తరువాత 60 ఏళ్లూ ఉంటుంది. హక్కు మరొకరికి బదిలీ కావాలంటే రాతపూర్వకంగా జరగాలి. ఆ పత్రంలో గడువు రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లుగానే లెక్కిస్తుంది. సంతకం పెట్టే ముందు చదవండి.

అపోహ: కవుల బృందాల్లో కొత్తవారికి చోటుండదు.

కొన్నిచోట్ల అలా జరుగుతుందేమో, కాదనను. మా డాబా మీద పాటించే పద్ధతి చెబుతాను. ఒక కవిత చాలు, ఎనిమిది నకళ్లు తెచ్చుకోండి. పేరు కాగితం వెనకవైపు రాయండి. అన్నీ కలిపి పంచుతాం, ఎవరి కవితను వారు చదవరు, పక్కవారు చదువుతారు. మీ కవిత మరొకరి నోట ఎక్కడ తడబడిందో అక్కడ పెన్సిలుతో గీత పెట్టుకోండి. తరువాత అందరూ మాట్లాడుతున్నంతసేపూ కవి సమాధానం చెప్పకూడదు. చివర టీ తాగేటప్పుడు కావలసినంత వాదించవచ్చు. విజయవాడ వైపు నుంచి వచ్చేవారు తిరుగు బస్సు గురించి బెంగపడనక్కరలేదు, తొమ్మిదిలోపే ముగిస్తాం.