గుర్రాన్ని అమ్మాలా వద్దా? కొన్ని అపోహలు – వాస్తవాలు

"ఇంకొన్నాళ్లు చూద్దాం డాక్టరుగారూ, ఈలోగా పరిస్థితులు చక్కబడతాయేమో."

గుర్రాల వైద్యంలో ఉన్న నాకు ఇంత తరచుగా వినిపించే మాట మరొకటి లేదు. ఉద్యోగం మారుతుంది. పసిబిడ్డ పుడుతుంది. నడుముకు ఆపరేషన్ జరుగుతుంది. భార్యాభర్తలు విడిపోతారు. గుర్రంతో కలిసి పెరిగిన అమ్మాయి పైచదువుకు దూరం వెళ్లిపోతుంది. కారణం ఏదైనా గుర్రం మాత్రం శాలలోనే ఉంటుంది. అమ్మడమే మంచిదని బుద్ధి చెబుతుంది, మనసు ఒప్పుకోదు. ఆ ఊగిసలాటలో నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడిచిపోతాయి. దానికి మూల్యం చెల్లించేది గుర్రం. ఈ విషయంలో చుట్టుపక్కలవాళ్లు చెప్పే మాటలు యజమానులను మరింత భయపెడుతున్నాయి కాబట్టి, నాకు తెలిసింది రాస్తున్నాను.

అపోహ: అమ్మకుండా ఆగితే గుర్రానికి మేలు చేసినట్టే

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇది. మిగతావన్నీ దీని తర్వాతే.

పని లేకుండా నిలబడిన గుర్రం విశ్రాంతి తీసుకుంటోందని చాలామంది అనుకుంటారు. స్వేచ్ఛగా వదిలితే గుర్రం రోజులో పదహారు గంటల వరకు మేస్తూ, నడుస్తూ గడుపుతుంది. మేత లోపలికి వెళ్లినా వెళ్లకపోయినా దాని కడుపులో ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. అలాంటి జంతువును రోజంతా శాలలో కట్టేసి, రెండు పూటలా దాణా పెట్టి ఊరుకుంటే కడుపులో పుండ్లు పడతాయి. తలుపు అంచు కొరుకుతూ గాలి మింగడం, ఒక కాలి మీద నుంచి మరో కాలి మీదకు ఊగడం లాంటి అలవాట్లు మొదలవుతాయి. ఇవి ఒకసారి పాతుకుపోతే తర్వాత ఎంత మంచి చోటికి వెళ్లినా పూర్తిగా పోవు. వాటిని చూసి వెనక్కి వెళ్లిపోయే కొనుగోలుదారులు ఎందరో.

సరే, శాలలో కాకుండా పచ్చికలో వదిలారనుకుందాం. సవారీ లేదు, మేత మాత్రం పుష్కలం. గుర్రం నిగనిగలాడుతుంది, యజమాని సంతోషిస్తాడు. నేను వెళ్లి జూలు కింద మెడ పైభాగాన్ని పట్టుకుంటే అక్కడ కొవ్వు గట్టిపడి ఉంటుంది. లామినైటిస్ వచ్చే గుర్రాల్లో చాలావాటికి ముందుగా కనిపించే లక్షణం ఇదే. ఆ జబ్బులో, లోపలి ఎముకను గిట్ట గోడకు పట్టి ఉంచే పొరలు దెబ్బతింటాయి. గుర్రం ముందుకాళ్లు ముందుకు చాపి, బరువంతా వెనక్కి వేసి నిలబడుతుంది. గిట్ట మీద చెయ్యి వేస్తే వేడి తెలుస్తుంది, గిట్టకు కాస్త పైన నాడి దడదడ కొట్టుకుంటుంది. అలా నిలబడిన గుర్రాన్ని ఒక్కసారి చూసినవాళ్లు మళ్లీ "ఖాళీగా ఉంటే దానికేమవుతుంది" అనరు.

గిట్టల సంగతి మరీ అన్యాయం. అవి నెలకు దాదాపు సెంటీమీటరు పెరుగుతాయి. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చెక్కించాలి. డబ్బుకో సమయానికో ఇబ్బంది వచ్చిన ఇంట్లో మొదట వాయిదా పడేది ఈ పనే. ఆ తర్వాత పళ్ల పరీక్ష, ఆ తర్వాత టీకాలు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని సామెత. సవారీ మానేసినంత మాత్రాన ఏ ఖర్చూ తగ్గదు.

ఇంకో విషయం ఎవరూ ఆలోచించరు. నేర్చుకున్నది గుర్రం మరచిపోదు, కానీ కండ కరిగిపోతుంది. వీపు కుంగుతుంది. పాత జీను సరిపోదు. రెండేళ్ల తర్వాత, ఎవరో చూడటానికి వచ్చారని అదే జీను బిగిస్తే గుర్రానికి నొప్పి పుడుతుంది, ఎగిరి తన్నుతుంది. ఆ రోజుతో దానికి "పొగరుబోతు" అని పేరు పడుతుంది. ఆ పేరు మోసుకుంటూ వెళ్లే గుర్రానికి మంచి చెయ్యి దొరకడం కష్టం.

వయసూ ఆగదు. బాగా చూసుకుంటే గుర్రం పాతికేళ్లు, ముప్పై ఏళ్లు బతుకుతుంది. కానీ సవారీకి కొనేవాళ్లు ఎక్కువగా చూసేది ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల మధ్య గుర్రాలనే. ఇవాళ పదమూడేళ్ల గుర్రం మూడేళ్లు ఆగితే పదహారేళ్లదవుతుంది. ధర తగ్గడం సంగతి అటుంచండి, దాన్ని కోరుకునే మంచి ఇళ్లే తగ్గిపోతాయి.

ఒక ఎర్రగోధుమరంగు ఆడగుర్రం నాకు బాగా గుర్తుంది. దాని యజమాని ప్రతి సాయంత్రం సవారీ చేసేవారు. ఉద్యోగం దూరప్రాంతానికి మారింది. గుర్రాన్ని ఒక మనిషికి అప్పగించి, నెలనెలా తప్పకుండా డబ్బు పంపేవారు. టీకా వేయడానికి వెళ్లినప్పుడు ఫోన్ చేసి చెప్పాను: "దీనికి పదకొండేళ్లు, నాలుగు కాళ్లూ చక్కగా ఉన్నాయి, చిన్నపిల్లలు ఎక్కినా కదలదు. ఇప్పుడైతే కావాలనేవాళ్లు వరుసలో నిలబడతారు." కొన్ని నెలలు ఆగుదామన్నారు ఆయన. వీలైనప్పుడల్లా వచ్చి దాన్ని చూసి, కళ్లు తుడుచుకుని వెళ్లేవారు. తర్వాతి వానలకు పచ్చిక ఏపుగా పెరిగింది. నన్ను పిలిచేసరికి గుర్రం అడుగు వేయలేకపోతోంది. ఎక్స్‌రే తీస్తే ముందుకాళ్ల గిట్టల్లో ఎముక కొన కిందికి తిరిగిపోయి ఉంది. నెలల తరబడి వైద్యం చేశాక నడవగలిగింది, సవారీకి మాత్రం ఇక పనికిరాదు. ఆ యజమాని ప్రేమలో ఏ లోపమూ లేదు. ఇప్పటికీ డబ్బు పంపుతూనే ఉన్నారు. కానీ దానికి మంచి ఇల్లు వెతికే అవకాశం ఆయన చేతిలో నుంచి జారిపోయింది.

నన్ను అడిగేవాళ్లకు నేను వేసే ప్రశ్నలు ఇవి: ఆరు నెలల తర్వాత మీ గుర్రం మీద సవారీ చేసేదెవరు? రోజూ దాని కాళ్లు తడిమి చూసేదెవరు? అర్ధరాత్రి కడుపుశూల వస్తే పరుగెత్తేదెవరు? మూడింటికీ మనుషుల పేర్లు చెప్పగలిగితే నిశ్చింతగా ఉంచుకోండి. "చూద్దాం" అన్నదే జవాబైతే ఇవాళే వెతకడం మొదలుపెట్టండి. గుర్రానికి తగిన మనిషి దొరకడానికి నెలలు పడుతుంది. చేతిలో డబ్బూ సమయమూ ఉన్నప్పుడు అమ్మేవాళ్లు నచ్చని మనిషికి "ఇవ్వను" అని చెప్పగలరు. అద్దె కట్టలేక, వారం రోజుల్లో శాల ఖాళీ చేయాల్సిన వాళ్లకు ఆ మాట అనే వీలుండదు.

అపోహ: డబ్బు తీసుకోకుండా ఇస్తే మంచి ఇంటికి వెళుతుంది

ప్రాణానికి వెల కట్టలేక ఇలా అనుకుంటారు. ఆ మనసు నాకు అర్థమవుతుంది, కానీ జరిగేది వేరు. "ఉచితం" అన్న మాట వినగానే ముందుగా పరుగెత్తుకొచ్చేది మర్నాడే మరొకరికి అమ్ముకునేవాళ్లు. కన్నీళ్లు పెట్టుకుని మరీ నమ్మించే వాళ్లున్నారు. సరైన ధర చెబితే వాళ్లలో చాలామంది దగ్గరికే రారు. ఆ గుర్రాన్ని పోషించగల స్తోమత ఉందో లేదో కూడా అక్కడే తేలిపోతుంది. ఊరికే ఇవ్వాలనే ఉంటే, ఏళ్ల తరబడి తెలిసినవాళ్లకు, కాగితం రాసుకుని ఇవ్వండి.

"మళ్లీ అమ్మేటప్పుడు మొదట మాకే చెప్పాలి" అన్న షరతు రాయించుకోవడం మంచిదే. అయితే దాని మీదే భారం వేసి కూర్చోవద్దు. అది మీ ఇద్దరి మధ్య ఒప్పందం. వాళ్లు మాట తప్పి మూడో మనిషికి అమ్మేస్తే గుర్రాన్ని వెనక్కి తెచ్చుకోవడం చాలా కష్టం. షరతు కంటే మనిషిని పరీక్షించడం ముఖ్యం. వాళ్ల దగ్గర ఇప్పటికే ఉన్న గుర్రాల దగ్గరికి వెళ్లి గిట్టలు చూడండి, పక్కటెముకలు తడమండి, నీళ్ల తొట్టిలో చెయ్యి పెట్టి చూడండి. వాళ్ల గుర్రాలకు లాడాలు వేసే మనిషి ఫోను నంబరు అడగండి. ఏ ఇంట్లో గుర్రాన్ని ఎలా చూస్తారో అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. శాల చూపించడానికి వెనకాడితే అక్కడితో మాటలు ఆపేయండి.

అపోహ: యజమాని దూరమైతే గుర్రం బెంగతో చచ్చిపోతుంది

ఈ పుకారు ఎవరు పుట్టించారో కానీ, ఎన్నో ఇళ్లలో నిద్ర లేకుండా చేస్తోంది. గుర్రాలు మనుషులను గుర్తుపెట్టుకుంటాయి, అది నిజం. మంచిగా శిక్షణ ఇచ్చిన వ్యక్తిని గుర్రాలు నెలల తర్వాత కూడా ఆప్యాయంగా గుర్తుపట్టాయని ఫ్రాన్స్ పరిశోధకులు 2010లో ప్రచురించారు. గుర్తుపెట్టుకోవడం వేరు, తిండి మానేసి కృశించడం వేరు. నేను చూసినంతవరకు, కొత్త చోట గుర్రాన్ని ఎక్కువగా కలవరపెట్టేది తోటి గుర్రం దూరం కావడం, మేత వేళలు మారడం. పక్కన నెమ్మదైన మరో గుర్రం ఉంటే చాలావరకు కొన్ని వారాల్లో కుదురుకుంటుంది.

ఈ బెంగ మాట వల్ల ప్రాణాపాయం కూడా ఉంది. అమ్మిన రెండో రోజు ఒక గుర్రం మేత ముట్టలేదు. పాత యజమాని కోసం ఏడుస్తోందని శాలలో అందరూ తీర్మానించి దాన్ని బుజ్జగిస్తూ కూర్చున్నారు. నేను వెళ్లి థర్మామీటరు పెడితే 40 డిగ్రీల సెల్సియస్ దాటింది. గుర్రానికి మామూలుగా 38కి కాస్త అటూఇటూ ఉండాలి. ప్రయాణంలో తల పైకి బిగించి కట్టి గంటల తరబడి తీసుకొచ్చారు. తల దించే వీలు లేకపోతే గొంతులో చేరిన మురికి బయటికి రాక ఊపిరితిత్తులకు దిగుతుంది. ఇంకొక రోజు ఆలస్యమైతే దక్కేది కాదేమో. కొత్త చోట గుర్రం మేత మానేస్తే వెంటనే వైద్యుణ్ని పిలవండి.

మరికొన్ని, క్లుప్తంగా

లోపం చెబితే ఎవరూ కొనరంటారు. చెప్పకపోతే గుర్రం దెబ్బలు తింటుంది. లారీని చూసి బెదురుతుందని తెలిసీ దాచిపెడితే, తెలియని మనిషి దాన్ని రోడ్డు మీదకు తీసుకెళతాడు. నొప్పి మందు ఇచ్చి కుంటును కప్పిపుచ్చే వాళ్లూ ఉన్నారు. కొనే ముందు తీసిన రక్తం దాచి ఉంచి పరీక్షిస్తే అది బయటపడుతుంది.

కొనుగోలుకు ముందు జరిపే వైద్య పరీక్షలో గుర్రం "ఫెయిలైంది" అంటుంటారు. అందులో పాసూ ఫెయిలూ లేవు. కళ్లు, గుండె, ఊపిరి, కాళ్లు చూస్తాం. కీళ్లు కాసేపు వంచి పట్టుకుని వెంటనే పరుగెత్తించి చూస్తాం. కొనేవాళ్లు చెప్పిన పనికి ఈ గుర్రం సరిపోతుందా లేదా అన్నదే మేమిచ్చే అభిప్రాయం. పందెం దూకుళ్లకు పనికిరాని గుర్రం నెమ్మది సవారీకి ఏళ్ల తరబడి అక్కరకు రావచ్చు.

లీజుకిస్తే ఏ బాధా ఉండదన్నది మరో నమ్మకం. చదువు, ప్రసవం లాంటి గడువున్న ఇబ్బందికి లీజు చక్కటి దారి. కానీ గిట్టల ఖర్చెవరిది, వైద్యం ఖర్చెవరిది, అత్యవసరంగా ఆపరేషన్ చేయాలా వద్దా అన్నది తేల్చేదెవరు, ఇవన్నీ రాసుకోకపోతే గొడవ తప్పదు.

అపోహ: ముసలి గుర్రాన్ని ఎవరో ఒకరు పెంచుకుంటారు

ఇక్కడ నేను పైన చెప్పినదానికి భిన్నంగా చెప్పాలి. అన్ని గుర్రాలనూ అమ్మకూడదు. ఇరవై నాలుగేళ్ల వయసు, అరిగిన కీళ్లు, రోజూ మందు వేస్తే గానీ లేవలేని పరిస్థితి. అలాంటి గుర్రాన్ని లారీ ఎక్కించి ముక్కూముఖం తెలియని వాళ్లకు అప్పగిస్తే, ఆ మందు ఎన్ని రోజులు పడుతుందో మనకు తెలియదు. అది చేతులు మారే కొద్దీ ధర తగ్గుతుంది, చూసుకునే శ్రద్ధ ఇంకా తగ్గుతుంది. మీరు ఉంచుకోలేకపోతే, తెలిసిన చోట, తెలిసిన మనుషుల మధ్య, వైద్యుడి చేతుల మీదుగా నొప్పి లేకుండా సాగనంపడం గురించి ఆలోచించండి. ముందు మత్తు ఇస్తాం. తర్వాత ఇచ్చే మందుతో కొద్ది క్షణాల్లో స్పృహ పోతుంది. పక్కన నిలబడాలో వద్దో మీ ఇష్టం. నిలబడలేకపోయినవాళ్లను నేనెప్పుడూ తప్పుపట్టలేదు. "చంపించాడు" అని పక్కవాళ్లు అంటారని భయపడి ముసలి గుర్రాన్ని సంతకు పంపినవాళ్లను చూశాను. ఆ పక్కవాళ్లలో ఒక్కరైనా దానికి పిడికెడు గడ్డి పెట్టినవారు కాదు.

అప్పగించే రోజు

తేదీ ఖాయం కాగానే టీకాల కాగితాలు, పళ్లు ఎప్పుడు చూపించారు, గిట్టలు ఎప్పుడు చెక్కించారు అన్న వివరాలు ఒకచోట పెట్టండి. మైక్రోచిప్ ఉంటే కొత్త యజమాని పేరుకు మార్పించండి. ఇప్పుడు తింటున్న గడ్డి, దాణా పది రోజులకు సరిపడా వెంట పంపండి. కొత్త మేతను వారం, పది రోజుల్లో కొంచెం కొంచెంగా కలుపుతూ మార్చమనండి. ఒక్కసారిగా మారిస్తే కడుపుశూల రావచ్చు. దేనికి బెదురుతుందో, ఏ పక్క నుంచి ఎక్కితే ఇష్టపడదో, ఎక్కడ గోకితే నెమ్మదిస్తుందో ఒక కాగితం మీద రాసివ్వండి. మెడ వీపును కలిసే చోట గోకితే గుర్రం గుండె వేగం తగ్గుతుందని 1993లోనే కొలిచి చూపించారు. కొత్తవాళ్లకు మొదటి వారం ఆ చోటు బాగా పనికొస్తుంది. ప్రయాణంలో కొన్ని గంటలకోసారి ఆపి, తల కిందికి దించుకోనిచ్చి, నీళ్లు పెట్టమనండి. చేరాక రెండు మూడు వారాలు మిగతా గుర్రాలకు ఎడంగా, కానీ అవి కంటికి కనిపించేలా ఉంచమని, రోజుకు రెండుసార్లు జ్వరం చూడమని చెప్పండి. మీ ఫోను నంబరుతో పాటు ఇన్నాళ్లూ దానికి వైద్యం చేసినవారి నంబరు కూడా ఆ కాగితం మీదే రాయండి.