ఆ దూడ ఎక్కడ పుట్టింది? 2009లో తెగని బూటు పంచాయితీ

తోలు మీద యూరప్‌లో పేచీ మళ్లీ మొదటికొచ్చింది. అడవులు నరికిన నేల నుంచి వచ్చే సరుకును తమ మార్కెట్లోకి రానివ్వకూడదని యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన చట్టం ఇప్పటికి రెండుసార్లు వాయిదా పడింది. 2024 డిసెంబరు 30న అమలు కావాల్సింది ముందు ఏడాది జరిగింది, తర్వాత ఇంకో ఏడాది. ఇప్పుడున్న తేదీ 2026 డిసెంబరు 30. చిన్న సంస్థలకైతే 2027 జూన్ దాకా వెసులుబాటు. రెండో వాయిదాతో పాటే పుస్తకాలు, పత్రికలు లాంటి అచ్చు సరుకును జాబితాలోంచి తీసేశారు. 2026 ఏప్రిల్ 30లోగా చట్టాన్ని మరోసారి సమీక్షించాలని కూడా రాసుకున్నారు. సమీక్ష అనగానే మినహాయింపులు అడిగేవాళ్లు వరుస కడతారు. ఆ వరుసలో ముందున్నది తోళ్లు పదును చేసే పరిశ్రమ, అంటే టానరీలు.

వాళ్ల వాదన రెండు ముక్కల్లో చెప్పొచ్చు. తోలు కోసం ఎవరూ పశువును పెంచరు, మాంసం కోసం పెంచుతారు, కాబట్టి తోలు ఉప ఉత్పత్తి మాత్రమే. రెండోది, ప్రతి తోలూ ఏ పొలం నుంచి వచ్చిందో చెప్పమంటే అయ్యే పని కాదు.

ఈ రెండు మాటలూ 2009 వేసవిలోనే ఒక బూట్ల కంపెనీ చుట్టూ గట్టిగా తిరిగాయి. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం, స్ట్రాథమ్ అనే చిన్న ఊరు కేంద్రంగా నడిచిన టింబర్‌ల్యాండ్ అది. దాని పుట్టుపూర్వోత్తరాలు తిరగదోడనక్కర్లేదు. 1973 నాటి పసుపు బూటు, స్వార్ట్జ్ కుటుంబం మూడు తరాల వ్యాపారం, న్యూయార్క్ ర్యాపర్లు ఆ బూటును నెత్తిన పెట్టుకోవడం, అవన్నీ బోలెడుసార్లు రాసినవే. న్యూజెర్సీలోనో షికాగోలోనో మొదటి మంచు పడగానే మనవాళ్లు వెతుక్కునే బూట్లలో అదీ ఒకటి.

నేటి గొడవకు పనికొచ్చేది ఆ కంపెనీ సంపాదించుకున్న మంచి పేరు. 1989లో బోస్టన్‌లో సిటీ ఇయర్ అనే యువజన సేవా సంస్థకు 50 జతల బూట్లు ఇవ్వడంతో ఇది మొదలైంది. 1992లో ఉద్యోగులు జీతం తీసుకుంటూనే ఏడాదికి 16 గంటలు ఊరి పనికి వెళ్లొచ్చన్నారు. బడి గోడలకు రంగులు వేయడం, పార్కులు బాగుచేయడం, కాలిబాటలు వేయడం లాంటివి. తర్వాత దాన్ని 40 గంటలు చేశారు. 1995లో కంపెనీ నష్టాల్లో పడ్డప్పుడు కూడా ఆ పథకాన్ని ఎత్తేయలేదు. 2001 నుంచి చైనాలోని ఇన్నర్ మంగోలియాలో, హోర్చిన్ ఎడారి పాకకుండా మొక్కలు నాటడం మొదలుపెట్టారు. ఆహార పొట్లాల మీద పోషకాల పట్టిక ఉన్నట్టు, బూటు పెట్టె మీద దాని తయారీకి ఎంత విద్యుత్తు ఖర్చయిందో అచ్చువేశారు. మేనేజ్‌మెంట్ కాలేజీల్లో పాఠంగా చెప్పుకునే స్థాయికి చేరింది ఆ పేరు. కుటుంబంలో మూడో తరం వాడైన జెఫ్ స్వార్ట్జ్ 1998 నుంచి సీఈవో. ఈ సేవా కార్యక్రమాలన్నిటి వెనుకా ఉన్నది ఆయనే.

అలాంటి కంపెనీకి 2009 జూన్ 1న ఈమెయిళ్లు రావడం మొదలైంది. అదే రోజు పర్యావరణ ఉద్యమ సంస్థ గ్రీన్‌పీస్ ఒక నివేదిక బయటపెట్టింది. అమెజాన్ అడవిని నరికి పచ్చిక బీళ్లు చేసి, వాటి మీద పెంచిన పశువుల మాంసమూ తోలూ బ్రెజిల్ కబేళాల మీదుగా ప్రపంచంలోని పెద్ద పెద్ద బ్రాండ్లకు చేరుతున్నాయని దాని సారాంశం. నైకీ, అడిడాస్, క్లార్క్స్‌తో పాటు టింబర్‌ల్యాండ్ పేరు కూడా అందులో ఉంది. మీ బూట్ల కోసం అడవిని చంపుతున్నారు, వెట్టిచాకిరీని పోషిస్తున్నారు, భూతాపాన్ని పెంచుతున్నారు అంటూ వచ్చిన ఆ ఉత్తరాలు కొన్ని వారాల్లో 65,000 అయ్యాయి.

ఇక్కడ నాకు ఆసక్తి కలిగించేది స్వార్ట్జ్ స్పందన. మరుసటి ఏడాది హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఆయనే స్వయంగా రాశాడు కాబట్టి ఊహించే పని లేదు. ముందు కోపం వచ్చింది. చెట్లు నాటే మా మీదా ఈ దాడి అన్న ఉక్రోషం. టింబర్‌ల్యాండ్ వాడే తోలులో బ్రెజిల్ నుంచి వచ్చేది చిన్న భాగమే. సరఫరాదారును మార్చేసి చేతులు దులుపుకోవచ్చు. కానీ కోపం చల్లారాక అసలు ప్రశ్న మిగిలింది: మన తోలు ఎక్కడి నుంచి వస్తోంది? దానికి కంపెనీలో ఎవరి దగ్గరా సమాధానం లేదు. ఒక్కో బూటుకు ఎన్ని యూనిట్ల విద్యుత్తో పెట్టె మీద రాసిన కంపెనీకి, ఆ బూటు మీది తోలు ఏ నేలదో తెలియదు. గ్రీన్‌పీస్ లెక్కంతా దీని మీదే. మంచిపేరు మీద బతికే కంపెనీ ‘మాకు తెలియదు’ అని ఎక్కువ కాలం నెట్టుకురాలేదని వాళ్లకు తెలుసు.

తెలియకపోవడానికి కారణం ఒక తోలు ప్రయాణం చూస్తే బోధపడుతుంది. అమెజాన్ ప్రాంతంలోని పారా రాష్ట్రంలో, అడవి అంచున ఒక పొలంలో దూడ పుడుతుంది. తల్లి పాలు మరిచాక దాన్ని ఒకరు కొంటారు. కొంత ఎదిగాక మరొకరు కొని, మేపి బలిపిస్తారు. ఆ చివరి ఆసామి దాన్ని కబేళాకు తోలుతాడు. కబేళాకు తెలిసినవాడు అతనొక్కడే. తోలు ఒలిచాక పెద్ద పెద్ద పీపాల్లో క్రోమియం లవణాలతో తిప్పుతారు. నీలంగా, తడిగా బయటికొచ్చే ఆ దశను వెట్ బ్లూ అంటారు. ఒకే పీపాలో పలు పొలాల తోళ్లు కలిసి తిరుగుతాయి. అక్కడి నుంచి కంటైనర్లో ఇటలీకో చైనాకో వెళ్లి, రంగు వేసుకుని, మరో దేశంలో బూటుగా మారుతుంది. బూటు కొన్నవాడి నుంచి వెనక్కి లెక్కపెడితే దూడ పుట్టిన పొలం ఆరో ఏడో చేతుల అవతల ఉంటుంది.

అలాగని ఆచూకీ అసలే లేదనడం కూడా నిజం కాదు. బ్రెజిల్‌లో పశువును ఒక పొలం నుంచి ఇంకో పొలానికి తరలించాలంటే రవాణా పర్మిట్ ఉండాలి. గాలికుంటు లాంటి రోగాలు పాకకుండా పెట్టిన ఏర్పాటది. చేతులు మారిన ప్రతిసారీ ఒక కాగితం పుడుతుంది. ఆ కాగితాలు ప్రభుత్వ పశు ఆరోగ్య విభాగాల దగ్గర ఉంటాయి, బయటి కొనుగోలుదారుల చేతికి రావు. అడవి ఎక్కడ తరిగిందో ఆ దేశపు అంతరిక్ష పరిశోధన సంస్థ 1988 నుంచి ఉపగ్రహాలతో ఏటా కొలుస్తూనే ఉంది. 2012 అటవీ చట్టం తర్వాత పొలాల హద్దులకు కూడా రిజిస్టర్ వచ్చింది. సమాచారం మూడు చోట్ల మూడు ముక్కలుగా ఉంది. దాన్ని ఒకచోట చేర్చమని గట్టిగా అడిగేవాడు 2009 దాకా లేడు.

అడిగాక ఏమైందన్నదే ఈ కథకు కీలకమని నా నమ్మకం. నివేదిక వచ్చిన జూన్‌లోనే కార్ఫోర్, వాల్‌మార్ట్, పాన్ డి అసూకర్ సూపర్ మార్కెట్లు పారా మాంసం కొనుగోళ్లు ఆపాయి. పారాలోని ఫెడరల్ ప్రాసిక్యూటర్లు కబేళాల మీద, పశుపోషకుల మీద కేసులు వేశారు. బ్రెజిల్ మాంసం కంపెనీ బెర్టిన్‌కు ప్రపంచ బ్యాంకు అనుబంధ సంస్థ ఐఎఫ్‌సీ 2007లో మంజూరు చేసిన 9 కోట్ల డాలర్ల రుణాన్ని రద్దు చేసుకుంది. టింబర్‌ల్యాండ్‌కు తోలు ఇచ్చేది కూడా ఆ బెర్టినే. స్వార్ట్జ్ మనుషులు బెర్టిన్‌ను వదిలేసి పోలేదు, కూర్చోబెట్టి అడిగారు. జులై నెలాఖరుకల్లా నైకీ, టింబర్‌ల్యాండ్ రెండూ అమెజాన్‌లో కొత్తగా అడవి నరికిన పొలాల తోలు కొనబోమని ప్రకటించాయి. అక్టోబరు 5న సావో పాలోలో జేబీఎస్, బెర్టిన్, మార్‌ఫ్రిగ్, మినర్వా అనే నాలుగు పెద్ద మాంసం కంపెనీలు ఒప్పందం మీద సంతకాలు చేశాయి. జూన్‌లో అసాధ్యం అన్నది అక్టోబరుకు కాగితం మీదికొచ్చింది. నాలుగు నెలలు!

ఆ ఒప్పందంలో రెండు గడువులున్నాయి. కబేళాకు నేరుగా పశువులు అమ్మే పొలాలను ఆరు నెలల్లో తనిఖీ చేయాలి. వాళ్లకు దూడల్ని అమ్మే పొలాలను, అంటే వెనకున్న చేతులను, రెండేళ్లలో. మొదటిది చాలావరకు జరిగింది. ఉపగ్రహ పటాలతో పోల్చి, నరికిన నేలల నుంచి వచ్చే పశువును పెద్ద కబేళాలు ఆపడం మొదలుపెట్టాయి. రెండో గడువు 2011తో అయిపోయింది, పని మాత్రం కాలేదు. నేరస్థుడికి దారి కూడా అక్కడే దొరికింది. అడవి నరికిన పొలంలో పెంచిన పశువును, శుభ్రమైన రికార్డున్న పొరుగు పొలం పేరు మీద కబేళాకు తోలడం. యూరప్ చట్టం పశువు ఉన్న ప్రతి చోటునూ చెప్పమంటోంది, అడవి 2020 డిసెంబరు 31 తర్వాత నరికి ఉండకూడదంటోంది. ఇది కొత్తగా నెత్తిన పెట్టిన భారమని పరిశ్రమ అంటోంది. 2009లో తమకు సరుకిచ్చేవాళ్లు సంతకం పెట్టిన రెండో గడువే ఇది.

స్వార్ట్జ్ ఎక్కువ కాలం లేడు. 2011లో వీఎఫ్ కార్పొరేషన్ అనే అమెరికా దుస్తుల సంస్థ టింబర్‌ల్యాండ్‌ను సుమారు 200 కోట్ల డాలర్లకు కొనేసింది, ఆయన వెళ్లిపోయాడు. ఎనిమిదేళ్ల తర్వాత 2019 ఆగస్టులో అమెజాన్ మంటలు లోకమంతా టీవీల్లో కనబడ్డప్పుడు, టింబర్‌ల్యాండ్, వాన్స్, ది నార్త్ ఫేస్ సహా తన బ్రాండ్లకు బ్రెజిల్ నుంచి నేరుగా తోలు కొనబోమని వీఎఫ్ ప్రకటించింది. అడవికి హాని చేయని తోలేనన్న నమ్మకం కుదిరేదాకా ఇంతే అంది. పదేళ్ల ఒప్పందాల తర్వాత కూడా ఆ నమ్మకం కుదరలేదన్నమాట. ఆ వెంటనే సెప్టెంబరులో, 2025లోగా ప్రపంచవ్యాప్తంగా 5 కోట్ల మొక్కలు నాటుతామని టింబర్‌ల్యాండ్ చెప్పింది. మొక్కల లెక్క చెప్పడం ఎప్పుడూ సులువే, ఆ పని కంపెనీ చేతిలో ఉంటుంది. దూడ లెక్క అలా కాదు. 2009లో సరఫరాదారును కూర్చోబెట్టి అడిగిన కంపెనీ 2019లో లేచి వెళ్లిపోవడాన్ని అప్పట్లో చాలామంది మెచ్చుకున్నారు. నాకైతే మొదటిదే కష్టమైన పనిగా, ఎక్కువ ఫలితమిచ్చిన పనిగా కనిపిస్తుంది.

ఉప ఉత్పత్తి వాదన సంగతి. పశువు ధరలో తోలు వాటా తక్కువే, అది కాదనలేం. కానీ బ్రెజిల్ మాంసంలో అధిక భాగం ఆ దేశంలోనే తింటారు. తోలు మాత్రం అధిక భాగం విదేశాలకు పోతుంది. బ్రెజిల్ పొలం మీద బయటి కొనుగోలుదారుకు ఉన్న పట్టు మాంసం కంటే తోలులోనే ఎక్కువ. 2009లో కదలిక తెచ్చినవాళ్లలో బూట్ల కంపెనీలు ఉండటం కాకతాళీయం కాదు.

టానరీల వాదనలో బలమైన ముక్క ఒకటుంది, ఎందుకో దాన్ని వాళ్లు ఉప ఉత్పత్తి మాటంత గట్టిగా చెప్పరు. చట్టం జాబితాలో పచ్చి తోలు ఉంది, పదును చేసిన తోలు ఉంది. బూటు లేదు, బ్యాగు లేదు. ఇటలీ టానరీ బ్రెజిల్ నుంచి వెట్ బ్లూ తెచ్చుకుంటే దూడ చరిత్రంతా చూపాలి. అదే వెట్ బ్లూ ఇంకో దేశంలో బూటుగా మారి యూరప్‌కు వస్తే అడిగేవాడు లేడు. ఆ ఇంకో దేశం మనదీ కావచ్చు. 2025 బడ్జెట్‌లో వెట్ బ్లూ తోలు దిగుమతి మీద కస్టమ్స్ సుంకాన్ని కేంద్రం పూర్తిగా ఎత్తేసింది. తమిళనాడులోని ఆంబూరు, రాణిపేట కర్మాగారాల్లో కుట్టిన బూట్లకు యూరప్ పెద్ద మార్కెట్. ఈ అన్యాయాన్ని సరిచేయాలంటే బూటును కూడా జాబితాలో చేర్చాలి. తోలునే తీసేయాలన్నది పరిశ్రమ ఎంచుకున్న దారి.

బ్రెజిల్ వైపు కదలిక లేకపోలేదు. పారా ప్రభుత్వం 2023 డిసెంబరులో, దుబాయ్ వాతావరణ సదస్సు రోజుల్లో, రాష్ట్రంలోని ప్రతి పశువు చెవికీ ట్యాగు వేస్తామని ప్రకటించింది. 2025 నవంబరులో అదే రాష్ట్ర రాజధాని బెలెమ్‌లో వాతావరణ సదస్సు జరిగింది. ట్యాగు వేస్తే దూడ పుట్టిన చోటు కబేళా దాకా దాని వెంటే వస్తుంది. అప్పుడు ‘అయ్యే పని కాదు’ అన్న మాటకు మిగిలేదేమీ ఉండదు.

ఇదే యూరప్ చట్టం జాబితాలో పశువులతో పాటు కోకో, కాఫీ, పామాయిల్, రబ్బరు, సోయా, కలప కూడా ఉన్నాయి. అంటే అరకు కొండల మీద ఎకరమో రెండెకరాలో కాఫీ వేసుకున్న గిరిజన రైతు గింజలు యూరప్ చేరాలన్నా ఆ తోట ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలతో సహా చూపాలి. కాఫీ బోర్డు అందుకోసం రైతుల్ని యాప్‌లో నమోదు చేయిస్తోంది. చెట్టు కదలదు కాబట్టి కాఫీకి ఈ పని తేలిక, పశువుకు కష్టం అంటారు టానరీల వాళ్లు. కష్టమే. కానీ ఒకవైపు చేతిలో ఫోన్ మాత్రమే ఉన్న రైతు, రెండోవైపు ప్రపంచంలోకెల్లా పెద్ద మాంసం కంపెనీ జేబీఎస్. మినహాయింపు అడుగుతున్నది రెండోవాడి తోలు కొనేవాళ్లు.