పత్రిక చేతిలో ఉంది, వెతికితే దొరకదు

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టల్లో అప్పుడప్పుడూ ఓ తెలుగు కంప్యూటర్ మాసపత్రిక కనబడుతుంది. అలా కొన్న ఒక సంచికలో ‘సేఫ్ మోడ్’ అన్న మాట కింద ఎవరో నీలం పెన్నుతో రెండు గీతలు కొట్టి, పక్కన ‘ఎఫ్8 వదలకుండా నొక్కాలి’ అని రాసుకున్నారు. విండోస్ 98 మొరాయించిన రోజున ఆ ఇంటికి ఇదే దిక్కు అయి ఉంటుంది. అదే వ్యాసంలోని వాక్యం ఒకటి గూగుల్‌లో కొట్టి చూశాను. ఏమీ రాలేదు.

బ్రిటన్‌లో కంప్యూటర్ పత్రికల కథ ఇలా నడిచింది. అక్కడ 1982లో సింక్లెయిర్ వాళ్ల స్పెక్ట్రమ్ అనే ఇంటి కంప్యూటర్ వచ్చింది. 48 కేబీ మెమరీ, ధర 175 పౌండ్లు. ఇంట్లో టీవీకే తగిలించుకుని, పత్రికలో అచ్చయిన, ‘బేసిక్’ అనే కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాంను లైను తర్వాత లైను టైపు చేసి, క్యాసెట్‌లో దాచుకునేవారు. ఒక్క కామా తప్పినా ఆట నడవదు. అక్కడి హాబీ పత్రికలు ఆ లిస్టింగుల మీదే బతికాయి.

హైదరాబాద్ కథ వేరు. ఇక్కడి ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ 1969లోనే టీడీసీ-12 అనే కంప్యూటర్ తయారుచేసింది. కానీ అది ప్రయోగశాలల సరుకు. మన ఇళ్లలోకి ఆ సంస్థ తయారుచేసిన ఈసీ టీవీ వచ్చింది గానీ దానికి తగిలించుకునే కంప్యూటర్ రాలేదు. దిగుమతి సుంకాలే అందుకు పెద్ద అడ్డంకి. 1984లో ప్రభుత్వ కంప్యూటర్ విధానం మారింది. బడిపిల్లలకు కంప్యూటర్ పరిచయం చేయడానికి అప్పుడే మొదలైన ‘క్లాస్’ పథకం కింద దేశం మొత్తమ్మీద దాదాపు 250 బడులకు బీబీసీ మైక్రో అనే బ్రిటిష్ కంప్యూటర్లు అందాయి. మిగతావాళ్లకు కంప్యూటర్ అంటే ఆఫీసులోనో ఇన్‌స్టిట్యూట్‌లోనో చూసేదే. తొంభైల్లో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరి నోటా సీటీసీ, విడి భాగాలు బిగించిన ‘అసెంబుల్డ్’ పీసీలు అమ్మడం మొదలుపెట్టాక గానీ అది మధ్యతరగతి ఇంటి మెట్లెక్కలేదు.

అందుకే మన పత్రిక పాఠకుడు ప్రోగ్రామర్ కాదు. అప్పు చేసి పిల్లలకు పీసీ కొన్న మనిషి. సౌండ్ ఎందుకు రావట్లేదు, ఫ్లాపీ ఎందుకు తెరుచుకోదు, ఫార్మాట్ చేస్తే ఫొటోలు పోతాయా అన్నవి అతని ప్రశ్నలు. హైదరాబాద్ నుంచి నల్లమోతు శ్రీధర్ సంపాదకత్వంలో వచ్చిన ‘కంప్యూటర్ ఎరా’ లాంటి మాసపత్రికలకు గిరాకీ అక్కడే పుట్టింది. వీటిని ‘టిప్స్ పుస్తకాలు’ అని తేలిగ్గా తీసేసేవాళ్లు ఉన్నారు. నేనైతే ఒప్పుకోను. ‘రిజిస్ట్రీ’ అంటే ఏమిటో ఇంగ్లిష్ రాని మనిషికి తెలుగులో విడమర్చి చెప్పడం ప్రోగ్రాం రాయడం కంటే ఏం తేలిక?

ఇక దొరకకపోవడం సంగతి. అప్పట్లో తెలుగు డీటీపీ, అంటే అచ్చుకు కంప్యూటర్ మీద పేజీలు కట్టడం, చాలాచోట్ల పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లోనే, దాని మీద అను అనే తెలుగు ఫాంట్లతోనే. ఆ తరహా ఫాంటులో ఉండేవి మహా అయితే 256 గళ్లు. తెలుగు అక్షరాలూ గుణింతాలూ అన్నీ అందులో పట్టవు కాబట్టి తలకట్టు, కొమ్ము, వత్తులను ముక్కలుగా కోసి, ఇంగ్లిష్ అక్షరాలు ఉండాల్సిన చోట్ల కూర్చోబెట్టారు. కాగితం మీద చక్కటి తెలుగే. అదే మేటర్‌ను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వేస్తే డాలరు గుర్తులు, బ్రాకెట్లు, అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు. కంప్యూటర్‌కు తెలిసింది అదే.

ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంటు కూడా వచ్చింది. పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ మాత్రం చాలా వెనకబడింది. అలాంటి సాఫ్ట్‌వేరే అయిన ఇన్‌డిజైన్ తెలుగును సరిగ్గా పట్టించుకున్నది 2012 నాటి సీఎస్6 వెర్షన్‌తోనే. ఆలోగా తెలుగువాళ్లకు కంప్యూటర్ నేర్పిన రాతల్లో చాలా భాగం కంప్యూటర్‌కు చదవరాని రాతగానే మిగిలింది.

ఆ సేఫ్ మోడ్ వ్యాసాన్ని స్కాన్ చేసి, బొమ్మలోని అక్షరాలను చదివి టైపు చేసిపెట్టే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చి చూశాను. ఫోల్డర్ ‘పోల్డర్’ అయింది, ఫ్లాపీ ‘ప్లాపీ’ అయింది, ఒక పేరా మొత్తం ఎగిరిపోయింది. చివరికి పత్రిక పక్కన పెట్టుకుని లైను తర్వాత లైను నేనే టైపు చేశాను. రెండున్నర పేజీలకు ఒక పూట పట్టింది.